గాయం మానింది, బెదురు పోలేదు: దెబ్బ తిన్న కుక్కకు మళ్లీ ధైర్యం తేవడం ఎలా

కుట్లు విప్పారు. కట్టు తీశారు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుంది, ఇక మెల్లగా నడిపించుకోవచ్చని డాక్టర్ చెప్పారు. కుక్క మాత్రం గుమ్మం దాటనంటోంది. దూరంగా బండి చప్పుడు వినపడితే చాలు, మంచం కిందికి దూరుతోంది. ఒకప్పుడు ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయేది, ఇప్పుడు నడుం మీద చెయ్యి వేస్తే గుర్రుమంటోంది. చూసినవాళ్లు మొండికేస్తోందంటారు, గారాబం ఎక్కువైందంటారు. రెండూ కావు. ఆ రోజు తగిలిన దెబ్బ ఒంటికీ తగిలింది, బుర్రకీ తగిలింది. ఒంటి దెబ్బకు వైద్యం జరిగింది. రెండోదానికి ఇంకా మొదలుకాలేదు.

మా కుక్కను నాలుగేళ్ల వయసులో మోటార్‌సైకిల్ గుద్దింది. వెనక కాలి తొడ ఎముక విరిగితే ప్లేటు వేసి బిగించారు. కాలు బాగైందనగానే నేను చేసిన మొదటి పని, దాన్ని ప్రమాదం జరిగిన ఆ గేటు దగ్గరికే తీసుకెళ్లడం. రానంటే లాగాను. ఒక్కసారి దాటిస్తే భయం అదే పోతుందనుకున్నాను. ఆ రోజు తర్వాత అది గేటుకే కాదు, బెల్టుకూ, బెల్టు పట్టుకున్న నాకూ భయపడింది. మళ్లీ దారిలో పెట్టడానికి ఏడు నెలలు పట్టింది. అందులో కనీసం రెండు నెలలు నేను లాగిన ఆ పావుగంట చేసిన నష్టాన్ని పూడ్చడానికే పోయాయి. మీకు, మీ కుక్కకు ఆ రెండు నెలలు మిగలాలని ఏది ముందో ఏది తర్వాతో వరసగా చెబుతున్నాను.

ముందు నొప్పి సంగతి తేల్చుకోండి

భయం పోగొట్టే పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి: ఇప్పటికీ ఎక్కడైనా నొప్పి ఉందా? గాయం మానడమూ నొప్పి పోవడమూ ఒకటి కావు. ఎదిగిన కుక్కలో విరిగిన ఎముక అతుక్కోవడానికి మామూలుగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. అన్ని వారాలూ ఒక కాలు ఎత్తిపెట్టి మిగతా మూడింటి మీద బరువు మోసిన కుక్కకు నడుమూ భుజాలూ పట్టేసి ఉంటాయి. కీలుకు దెబ్బ తగిలి ఉంటే తర్వాత అక్కడ అరుగుదల మొదలుకావచ్చు. మా కుక్కకు ప్లేటు తాలూకు స్క్రూ ఒకటి కండకు ఒరుసుకుంటోందని ఎంతో ఆలస్యంగా తెలిసింది. అది తీయించిన మూడు వారాలకే నడుం మీద చెయ్యి వేయనిచ్చింది. అంతకుముందు నేను నేర్పిన పాఠాలన్నీ ఆ స్క్రూ ముందు ఓడిపోయాయి.

నొప్పి ఉంటే కుక్క మూలుగుతుందని ఎదురుచూడకండి. చాలా కుక్కలు మూలగవు. లేచేటప్పుడు తటపటాయించడం, మెట్ల దగ్గర ఆగిపోవడం, సోఫా ఎక్కబోయి మానేయడం, ఒక కాలి మీద బరువు వేయకుండా నిలబడడం, ఒకే చోటును అదేపనిగా నాకడం, ఎండా పరుగూ లేకుండానే రొప్పడం, రాత్రిళ్లు చోటు మార్చుకుంటూ తిరగడం, ఇవీ నొప్పి గుర్తులు. ఇంట్లో అది నడుస్తున్నప్పుడు, కూర్చుని లేస్తున్నప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్ గదిలో భయంతో ఒళ్లు బిగుసుకుపోయిన కుక్క కుంటడం కూడా మానేస్తుంది. అక్కడ కనపడనిది మీ వీడియోలో కనపడుతుంది.

ఈ అనుమానం ఊరికే చెబుతున్నది కాదు. బ్రిటన్‌లోని పశువైద్య ప్రవర్తన నిపుణుడు డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2020లో తమ కేసులను తిరగేసి, ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి పంపిన జంతువుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకు ఏదో ఒక నొప్పి ఉందని, కొన్ని సందర్భాల్లో ఆ లెక్క దాదాపు 80 శాతం దాకా వెళ్లిందని రాశారు. 2018లో శబ్దాలకు భయపడే 20 కుక్కల కేసులను పోల్చి చూశారు, ఎముకల, కండరాల నొప్పి ఉన్నవి పది, లేనివి పది. నొప్పి ఉన్న కుక్కల్లో శబ్ద భయం మిగతావాటికన్నా పెద్ద వయసులో మొదలైంది, అది శబ్దంతో ఆగకుండా ఆ శబ్దం వినపడిన చోట్లకూ పాకింది. పరిశోధకులు ఊహించిన కారణం నాకు సబబుగానే తోస్తుంది: చప్పుడుకు ఉలిక్కిపడితే కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, అప్పటికే నొప్పిగా ఉన్న చోటు మరింత కలుక్కుమంటుంది. చప్పుడే కరిచినట్టు కుక్కకు అనిపిస్తుంది.

కాబట్టి డాక్టర్‌ను నేరుగా అడగండి: "కొన్ని వారాలు నొప్పి మందు వాడి, ప్రవర్తన మారుతుందేమో చూద్దామా?" ఇది మామూలుగా చేసే పరీక్షే. మందుతో కుక్క తేరుకుంటే జవాబు దొరికినట్టే. సొంతంగా మాత్రం ఏ మాత్రా వేయకండి. మనుషులు వాడే ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. పారాసిటమాల్ కూడా కుక్క కాలేయానికి, రక్తానికి ప్రమాదం. మనుషుల సిరప్పుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కకు విషం.

కొన్నాళ్లు ఏమీ నేర్పకండి

డాక్టర్ చూసి పంపాక మొదటి రెండు వారాల్లో మీ పని ఒక్కటే: కుక్కను భయపెట్టేది ఏదీ దాని దగ్గరికి రాకుండా చూడడం. భయపడ్డ ప్రతిసారీ ఆ భయం ఇంకాస్త గట్టిపడుతుంది. రోడ్డంటే భయమైతే ఆ రెండు వారాలూ రోడ్డు మీదికి తీసుకెళ్లకండి. షికారు లేకపోతే కుక్క పాడైపోతుందని కంగారుపడాల్సిన పనిలేదు. ఇంట్లోనే పాత తువ్వాలు మడతల్లో తిండి గింజలు దాచి వెతికించండి, అట్టపెట్టెలో నలిపిన కాగితాల మధ్య వేయండి. ముక్కుతో వెతికే పని కుక్కకు ఎంతో నెమ్మదినిస్తుంది. పదిహేను నిమిషాలు వెతికిన కుక్క హాయిగా పడుకుంటుంది.

దాక్కునే చోటు దాన్నే ఎంచుకోనివ్వండి. బల్ల కిందో, బీరువా పక్కనో, మంచం కిందో, ఎక్కడికి దూరితే అక్కడ మెత్తటి దుప్పటి పరిచి, నీళ్లు దగ్గరగా పెట్టండి. అక్కడ ఉన్నంతసేపూ ఎవరూ ముట్టుకోకూడదు, పిలవకూడదు, కాలు పట్టి లాగకూడదు. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క నియమం గట్టిగా అమలుచేయండి. నొప్పీ భయమూ కలిసిన కుక్క ఎంత మంచిదైనా కరవగలదు. పొరపాటున కరిస్తే పుండును 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంటి కుక్కే కదా అని ఊరుకోకండి.

నున్నటి నేల సంగతి చాలామందికి తట్టదు. కాలు జారుతుందన్న భయం కోలుకుంటున్న కుక్కను ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లనివ్వదు. అది నడిచే దారంతా రబ్బరు చాపలో, అడుగున జారని పట్టలో పరవండి. గోళ్లు, పాదాల అడుగున పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి. గాయం నాకకుండా మెడకు వేసే గరాటు ఇంకా తీయలేదా? దానివల్ల పక్కలకు చూపు ఆనదు, చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు, గోడలకు తగులుతూ నడవాలి. గాలి నింపే మెత్తటి కాలర్ గానీ, గాయాన్ని కప్పే చొక్కా గానీ బదులుగా వాడొచ్చేమో డాక్టర్‌ను అడగండి. అంతవరకు వెనకనుంచి దాని దగ్గరికి వెళ్లకండి, మాట్లాడుతూ వెళ్లండి.

ఇంకొక మాట. భయపడుతున్న కుక్కను ఓదారిస్తే భయం అలవాటవుతుందని కొందరు చెబుతారు. నమ్మకండి. భయం కుక్క ఎంచుకుని చేసే పని కాదు, బహుమతి ఇస్తే పెరగడానికి. అది మీ దగ్గరికి వచ్చి ఆనుకుంటే ఆనుకోనివ్వండి, మెల్లగా మాట్లాడండి, మెల్లగా నిమరండి. అది రాకపోతే మీరు వెళ్లి కౌగిలించుకోవద్దు, అంతే తేడా.

గుర్రుమనడానికి ముందు అది చెప్పే మాటలు

చాలామందికి కుక్క భయం తోక ముడిచినప్పుడు, గుర్రుమన్నప్పుడు తెలుస్తుంది. అప్పటికే ఆలస్యం. అంతకుముందు అది చాలాసేపటినుంచి చెబుతూనే ఉంటుంది. తిండి ఎదురుగా లేకపోయినా మూతి నాక్కుంటుంది. నిద్ర లేకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి కంటి చివరినుంచి చూస్తుంది, అప్పుడు కన్నులో తెల్లభాగం చంద్రవంకలా కనిపిస్తుంది. చెవులు వెనక్కి అంటుకుంటాయి. ముందు కాలు ఒకటి పైకి లేస్తుంది. ఒళ్లు తడి లేకుండానే విదిలించుకుంటుంది. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది, కదలకుండా బిగుసుకుపోవడం. "చూడండి, ఎంత బుద్ధిగా నిలబడిందో" అని మనం అనుకునేది చాలాసార్లు అదే.

గుర్రుమంటే కసరకండి. గుర్రు అనేది కుక్క మనకిచ్చే మర్యాదపూర్వకమైన హెచ్చరిక. కసిరి దాన్ని మాన్పిస్తే భయం తగ్గదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. తర్వాత ఒకరోజు చెప్పకుండానే కరుస్తుంది.

ఒక వారం పాటు నోటుబుక్కులో రాయండి: ఎప్పుడు, ఎక్కడ, ఎంత దూరంలో ఏం కనపడింది లేదా వినపడింది, కుక్క ఏం చేసింది, మామూలుగా ఉండడానికి ఎంతసేపు పట్టింది. "బండ్లంటే భయం" అని రాస్తే చాలదు. ఆగి ఉన్న బండికా, కదిలే బండికా? ఇంజను చప్పుడుకా, హెల్మెట్ పెట్టుకున్న మనిషికా? ఎదురుగా వచ్చేదానికా, వెనకనుంచి వచ్చేదానికా? మా కుక్క ఆగి ఉన్న మోటార్‌సైకిల్ పక్కనే పడుకునేది. వెనకనుంచి వచ్చే చప్పుడుకు మాత్రం నేలకు అతుక్కుపోయేది. అది రాసుకున్నాకే నాకు అర్థమైంది, దాన్ని బండి వెనకనుంచే గుద్దిందని.

రాస్తూపోతే ఇంకొకటి కూడా బయటపడుతుంది. భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పొద్దున తలుపు దభాలున పడింది, మధ్యాహ్నం కొత్తవాళ్లు వచ్చారు, సాయంత్రం కట్టు మార్చారు. రాత్రికి పళ్లెం కిందపడితే కుక్క గజగజా వణికింది. తప్పు పళ్లేనిది కాదు. అలాంటి రోజున ఏమీ నేర్పకండి.

భయానికీ తాయిలానికీ ముడి వేయడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పద్ధతి కొత్తది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లవాడి గురించి రాసింది. వాడు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలును గదిలో దూరంగా ఉంచి, రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్తగా దగ్గరికి తెచ్చారు. చివరికి వాడు కుందేలును చేత్తో ముట్టుకున్నాడు. కుక్కతో మనం చేసేదీ ఇదే. ధైర్యం చెప్పడం కాదు, భయపెట్టేది కనపడితే మంచి జరుగుతుందని దాని ఒంటికి అనుభవం ఇవ్వడం.

ప్రతి భయానికీ ఒక గీత ఉంటుంది. గీతకు ఇవతల ఉన్నప్పుడు కుక్క ఆ వస్తువును చూస్తుంది, చెవులు రిక్కిస్తుంది, కానీ తిండి తింటుంది, పేరు పిలిస్తే మీవైపు తిరుగుతుంది. గీత దాటితే నోట్లో పెట్టినది కూడా ఉమ్మేస్తుంది. మీ పనంతా గీతకు ఇవతలే జరగాలి. గీత ఎక్కడుందో తెలుసుకోవడానికి తాయిలమే కొలబద్ద. దానికి ప్రాణమైన తిండి, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన మాంసం ముక్కలాంటిది, బఠాణీ గింజంత చేసి పెట్టుకోండి. అది ముట్టలేదంటే మీరు చాలా దగ్గరికి వెళ్లారు. ఆబగా, వేళ్లు నొప్పి పుట్టేలా లాక్కున్నా గీత దగ్గరపడిందనే అర్థం. రెండు సందర్భాల్లోనూ వెనక్కి రండి.

మోటార్‌సైకిల్ భయాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి రోజున 40 మీటర్ల దూరంలో ఆగి ఉన్న బండి, మీకు తెలిసినవాళ్లది. కుక్క దాన్ని చూస్తుంది. చూసిన వెంటనే ఒక ముక్క, ఇంకొకటి, ఇంకొకటి. బండి కనపడని వైపు తిరగ్గానే ముక్కలు ఆగిపోతాయి. ముందు బండి, తర్వాత తాయిలం. ఈ వరస తారుమారు కాకూడదు. చేతిలో సంచి గలగలలాడించి, తిండి చూపించి, ఆ తర్వాత బండి చూపిస్తే కుక్క నేర్చుకునేది ఒక్కటే: తాయిలం వచ్చిందంటే వెనకాలే బండి వస్తుంది. కొన్నాళ్లకు అది తాయిలానికే భయపడుతుంది. నేను ఈ తప్పు కూడా చేశాను కాబట్టి నొక్కి చెబుతున్నాను.

ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, అంతకు మించొద్దు. కుక్క ఇంకా హుషారుగా ఉండగానే ఆపేయండి. ఎప్పుడు దగ్గరికి జరగాలంటే, బండి కనపడగానే అది మీవైపు తిరిగి "ఏదీ నా ముక్క?" అన్నట్టు చూసినప్పుడు. ఆ చూపు ఒకసారి వస్తే చాలదు, వరసగా రెండు మూడు రోజులు రావాలి. అప్పుడు 40 మీటర్లను 35 చేయండి, 20 కాదు.

దూరం, కదలిక, చప్పుడు, సంఖ్య, ఈ నాలుగింట్లో ఒక్కసారికి ఒక్కటే పెంచండి. ఆగి ఉన్న బండికి 10 మీటర్ల దాకా వచ్చిన కుక్కకు కదిలే బండి చూపించాలంటే మళ్లీ 40 మీటర్లకు వెళ్లాలి. ఇంజను చప్పుడు కలిపితే మళ్లీ వెనక్కి. ఇది వెనకబడడం కాదు, ప్రతిదీ కుక్కకు కొత్త పాఠం.

చప్పుళ్లకు రికార్డింగులు వాడొచ్చు. పక్క గదిలో, మీకే సరిగా వినపడనంత తక్కువలో మొదలుపెట్టండి. అయితే ఫోన్ స్పీకర్‌ను పూర్తిగా నమ్మకండి. మనిషి చెవికి దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే వినపడుతుంది, కుక్క చెవికి దాదాపు 45,000 దాకా. ఫోన్ పలికించే ఇంజనూ అసలు ఇంజనూ దానికి ఒకటి కాకపోవచ్చు. ఫోన్ చప్పుడుకు ఊరుకున్న కుక్క వీధిలో బెదిరితే నిరాశపడకండి, అసలు చప్పుడుతో దూరంనుంచి మొదలుపెట్టండి.

దెబ్బ తగిలిన చోటును తాకడం

రోడ్డును కొన్నాళ్లు తప్పించుకోవచ్చు, చేతులను తప్పించుకోలేం. కట్టు మార్చాలి, మందు రాయాలి, స్నానం చేయించాలి. అందుకే అడిగి తాకడం ఇంట్లో అందరూ నేర్చుకోవాలి. కుక్క దానంతట అది దగ్గరికి వచ్చినప్పుడు ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా కావాలని ఆనుకుంటే ఇంకో మూడు సెకన్లు. తల తిప్పినా, మూతి నాక్కున్నా, కాస్త పక్కకు జరిగినా "సరే" అని వదిలేయండి. "వద్దు" అంటే వింటారన్న నమ్మకం కుదిరిన కుక్క "వద్దు" అనడం తగ్గిస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను.

తర్వాత గడ్డం ఆనించే ఆట. మీ అరచేయి గానీ, కుర్చీ మీద మడిచిన తువ్వాలు గానీ చూపించండి. కుక్క గడ్డం దాని మీద పెడితే తాయిలం. ఒక సెకను, తర్వాత రెండు, తర్వాత ఐదు. గడ్డం అక్కడే ఉంటే "చెయ్యండి" అని, ఎత్తితే "ఆపండి" అని అర్థం. గడ్డం ఆనించి ఉండగా రెండో చెయ్యి గాలిలో కదిలించండి, తర్వాత బాగున్న వైపు భుజం తాకండి, ఆ తర్వాత నడుం, చివరికి దెబ్బ తగిలిన కాలి పైభాగం. గడ్డం లేచిన క్షణంలో మీ చెయ్యి కూడా లేవాలి. ఒక్క కట్టు మడత ఉండిపోయిందని, ఇంకొక్క నిమిషమే కదా అని పట్టి ఉంచితే వారం రోజుల పని పోతుంది. మా కుక్క కాలి గాయం మచ్చను ముట్టుకోనివ్వడానికి 19 రోజులు పట్టింది. ఇప్పుడు నేను గోళ్లు తీయడానికి తువ్వాలు మడిస్తే అదే వచ్చి గడ్డం పెడుతుంది.

అత్యవసరంగా మందు వేయాల్సివస్తే ఈ ఆటలో వేయకండి. వేరే గదిలో, వేరే తువ్వాలుతో, త్వరగా కానిచ్చేయండి. ఆట మీద నమ్మకం చెడకూడదు.

డాక్టర్ దగ్గరికి

ఎక్కువ నొప్పి అనుభవించిన చోటు అదే కాబట్టి అక్కడి వాసనకే కొన్ని కుక్కలు వణుకుతాయి. రద్దీ లేని సమయం కనుక్కుని, వైద్యం ఏమీ లేకుండా ఊరికే తీసుకెళ్లండి. మొదట తలుపు బయటే, తాయిలం తినిపించి వెనక్కి. తర్వాత లోపల బరువు తూచే బల్ల దాకా. అసలు పరీక్ష రోజున మీ వంతు వచ్చేదాకా బయట ఆగుతామని ముందే చెప్పండి. బల్ల మీద కాకుండా నేల మీదే చూస్తారేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

మూతికి వేసే బుట్ట కూడా ముందే అలవాటు చేయండి. కుక్క రొప్పగలిగేలా, నీళ్లు తాగగలిగేలా వదులుగా ఉన్న బుట్టే కావాలి. మూతిని నొక్కిపట్టే గుడ్డ పట్టీ కొన్ని నిమిషాలకు మించి ఉంచకూడదు, ఎందుకంటే కుక్క ఒంటి వేడి తగ్గించుకునేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. బుట్ట అడుగున తాయిలం పూసి దాన్నే ముక్కు పెట్టనివ్వండి. కొన్ని రోజుల దాకా పట్టీ బిగించకండి.

మళ్లీ బయటికి

మెడ పట్టీ బదులు ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్ వాడండి. బెదిరి ఒక్కసారిగా గుంజుకున్నప్పుడు మెడ మీద భారం పడదు. అది గాయానికి ఒరుసుకోకుండా చూసుకోండి. భయపడిన కుక్క తప్పించుకుంటే ఆగకుండా పరిగెడుతుంది, కాబట్టి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల ఎప్పుడూ మెడలో ఉండాలి. బెల్టు కనీసం రెండు, మూడు మీటర్లు ఉంటే మంచిది, వదులుగా పట్టుకోండి. బిగిసిన బెల్టు దానికి "ఏదో ప్రమాదముంది" అని చెబుతుంది.

మొదటి షికారు గుమ్మం దాకానే కావచ్చు. గుమ్మంలో నిలబడి బయటి గాలి వాసన చూసి లోపలికి రావడం కూడా షికారే. దారి కుక్కదే, మీరు వెనకాల నడవండి. ఆగితే ఆగండి, వెనక్కి తిరిగితే తిరగండి. ప్రమాదం జరిగిన చోటును చిట్టచివరికి వదిలేయండి. ఇంకో దారి ఉంటే నెలలపాటు ఆ దారినే వెళ్లినా తప్పులేదు.

వేరే కుక్క కరిచినందువల్ల వచ్చిన భయమైతే ఎదురెదురుగా పరిచయాలు చేయకండి. నెమ్మదస్తురాలైన తెలిసిన కుక్క ఒకటి దూరంగా, ఒకే దిశలో నడుస్తూ ఉంటే చాలు. కొన్ని వారాల్లో మధ్య దూరం దానంతట అదే తగ్గుతుంది. ముక్కూ ముక్కూ కలపాలని తొందరపడకండి.

మందులు అవసరమైతే

ఇంట్లో కూడా నిద్రపోలేకపోతున్నా, తిండి మానేసినా, మీరు ఎంత దూరం జరిగినా గీత దొరకకపోయినా డాక్టర్‌తో భయం మందుల గురించి మాట్లాడండి. ఫ్లూఆక్సెటిన్ లాంటివి రోజూ వేసేవి, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటివి డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు వంటి సందర్భాలకు ఇస్తారు. ఎసిప్రోమజీన్ అనే మత్తు మందు ఒక్కటే ఇస్తే ఒళ్లు మందగిస్తుంది గానీ భయం అలాగే ఉంటుంది, అందుకే ఆ ఒక్కదానితో సరిపెట్టొద్దని నేను అడుగుతాను. మొదలుపెట్టిన మందును మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మందు వాడడం మీ ఓటమి కాదు. పాఠం చెవికెక్కేంత నెమ్మది దానికి తేవడమే మందు పని.

భయం తిరిగొచ్చిన రోజు

తిరిగి వస్తుంది. నాలుగు వారాలు బాగున్న కుక్క ఐదో వారంలో ఏ కారణమూ లేకుండా గుమ్మంలో కూలబడుతుంది. భయం జ్ఞాపకం చెరిగిపోదు, దాని మీద కొత్త అనుభవం పేరుకుంటుంది, అంతే. ఆరిపోయిందనుకున్న పాత స్పందన కొంత విరామం తర్వాత మళ్లీ తలెత్తడాన్ని, కుక్కల మీద ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ తన కుక్కల్లోనే గమనించాడు. అలాంటి రోజున మూడు పనులు చేయండి. నోటుబుక్కు తీసి కిందటి రెండు రోజుల్లో ఏం జరిగిందో చూడండి. నొప్పి తిరగబెట్టిందేమో నడక చూసి, అనుమానముంటే డాక్టర్‌కు చూపించండి. ఏమీ లేదని తేలితే, చివరిసారి సుఖంగా ఉన్న దూరానికి వెళ్లి అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి మొదటిసారంత కాలం పట్టదు.

రెండు నెలలు ఈ పద్ధతిలో వెళ్లినా కదలిక లేకపోతే, లేదా ఒక్కసారైనా కరిచి ఉంటే, జంతు ప్రవర్తనలో శిక్షణ పొందిన పశువైద్యుల సలహా తీసుకోండి. గొలుసు గుంజి, కరెంటు షాక్ కొట్టే పట్టీ వేసి, నేలకు అదిమిపట్టి భయం వదిలిస్తామనే వాళ్ల చేతికి మాత్రం మీ కుక్కను ఇవ్వకండి. అక్కడ అది నేర్చుకునేది, భయం బయటికి చూపితే ఇంకా నొప్పి కలుగుతుందని మాత్రమే.

మా కుక్క ఇప్పుడు రోజూ ఆ గేటు దాటుతుంది. వాన పడి రోడ్డు తడిగా ఉన్న రోజుల్లో మాత్రం టైర్ల చప్పుడు మారుతుంది కదా, గేటు దగ్గర ఆగి వెనక్కి చూస్తుంది. అది ఆగిన చోట నేనూ ఆగుతాను, బెల్టు వదులు చేసి. అరనిమిషం, ఒక్కోసారి నిమిషం. తర్వాత అదే ముందు నడుస్తుంది.